మన పెరటి ఆదాయ వ్యయాలు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కొంచెం సేపటి క్రిందట మనమంతా పంచాంగ శ్రవణం చేశాము. ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో విన్నాము. మేఘాధిపతి ఎవరో, సస్యాధిపతి ఎవరో కూడా విన్నాము. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని వచ్చినవారు కాస్త దిగులుగా కూర్చున్నారు. తక్కినవారు వారిని చూచి నవ్వుకొంటున్నారు. ఇందరి జాతకం చెప్పిన పంచాంగం ఒక్కరి సంగతి మాత్రం చెప్పలేదు. మనతోబాటు మన ఇంట్లోనే ఉండి, మన నీళ్ళే త్రాగి, మనకు కరివేపాకూ వేపపువ్వూ ఇచ్చే పెరటికి ఏ రాశీ లేదు. దాని ఆదాయ వ్యయాలు ఈ పూట నేను చదివి వినిపిస్తాను.

నేను రైల్వేలో గుమాస్తాను. మెట్రిక్యులేషనుతో చదువు ఆపినవాణ్ణి. వ్యవసాయ శాస్త్రంలో నాకు పట్టా లేదు. కాని లెక్క వ్రాయటం నా వృత్తి. మొక్కలు పెంచటం నా సరదా. ఈ రెండూ కలిపి చూచినప్పుడు నాకు తోచిన మాట ఒక్కటే. మన ఊళ్ళలో ఉగాది నాడు కత్తీ గునపమూ పట్టుకోక ముందు నీళ్ళ లెక్క చూచుకోవాలి. ఆ లెక్క సరిపోతే పెరడు నిలుస్తుంది. సరిపోకపోతే ఎంత ఖరీదైన మొక్క తెచ్చినా మే నెలలో అది వంటచెరకే.

వసంతం అనగానే చిగుళ్ళూ పువ్వులూ గుర్తుకు వస్తాయి. చలిదేశాలవారి తోటపని పుస్తకాలు చూస్తే, వసంతంలోనే కొమ్మలు కత్తిరించండి, వసంతంలోనే కొత్త మొక్కలు నాటండి అని ఉంటుంది. వారికి అది నిజమే. అక్కడ వసంతం తరువాత మెత్తని ఎండ, అప్పుడప్పుడు జల్లులు. మనకు వసంతం తరువాత వచ్చేది వేలూరు ఎండ. కోట గోడమీద చెయ్యి పెడితే పెనంమీద పెట్టినట్లుంటుంది. నలభై డిగ్రీలు దాటటం ఇక్కడ వింత కాదు, దాటకపోతే వింత. అందుచేత ఆ పుస్తకాలు చదివి చైత్రంలో పాతిక మొక్కలు నాటినవారు వైశాఖంలో పాతిక పుల్లలు పీకవలసి ఉంటుంది.

ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. పంచాంగంలో కర్తరి అని ఒకటి వ్రాసి ఉంటుంది, మీరు చూచే ఉంటారు. సూర్యుడు భరణి మూడవ పాదంలో ప్రవేశించింది మొదలు కృత్తిక దాటి రోహిణి మొదటి పాదం ముగిసేవరకు కర్తరి. మొదట డొల్లు కర్తరి, తరువాత పెద్ద కర్తరి. ఇంచుమించు మే నెల 4వ తేదీ నుండి 28వ తేదీ వరకు. మన తమిళ సోదరులు దీనినే అగ్ని నక్షత్రమనీ, కత్తిరి వెయ్యిల్ అనీ అంటారు. కర్తరి అన్నా కత్తిరి అన్నా కత్తెరే. ఆ రోజుల్లో చెట్లు కొట్టరాదు, భూమి త్రవ్వరాదు, ఇల్లు కట్టటం మొదలుపెట్టరాదు అని పెద్దలు నిషేధించారు. కత్తెర పేరు పెట్టిన కాలంలోనే కత్తెర పట్టవద్దన్నారు!

దీనిలో నమ్మకం సంగతి ఎవరి ఇష్టం వారిది. తోటమాలి కంటితో చూచినా ఆ నిషేధం సబబుగానే ఉన్నది. ఆకు చెట్టుకు గొడుగు. మండుటెండలో కొమ్మలు తీసివేస్తే, అంతవరకు నీడలో పెరిగిన బెరడుమీద పడమటి ఎండ సూటిగా పడుతుంది. బెరడు కాలి పగులుతుంది, ఆ పగులులో పురుగు చేరుతుంది. వేళ్ళ దగ్గర త్రవ్వితే సన్నవేళ్ళు తెగి, నీరు పీల్చే శక్తి తగ్గిపోతుంది. నీరు ఎక్కువ కావలసిన నాళ్ళలోనే నీరు అందకుండా చేసినట్లవుతుంది.

కాబట్టి మన పనికి వ్యవధి ఉగాది మొదలు కర్తరి వరకు. ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తుంది, కర్తరి సూర్యుణ్ణి బట్టి వస్తుంది. అందువల్ల ఈ వ్యవధి ఏటేటా మారుతుంది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. కర్తరికి 43 రోజులు దొరికినవి. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. 25 రోజులే దొరికినవి. 2025లో మార్చి 30న వచ్చింది. 35 రోజులు దొరికినవి. పంచాంగం తెరవగానే ముందు ఈ రోజులు లెక్కపెట్టుకొనండి. ఉగాది ఆలస్యమైన ఏడు పనులు తగ్గించుకోవాలి.

ఇక నీళ్ళ పద్దు చూతాము. మన జిల్లాలో వాన తక్కువేమీ కాదు. ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు పడుతుంది. అయితే అది వచ్చేది రెండు విడతలుగా. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య వానలు. జనవరి నుండి మే దాకా ఎప్పుడో ఒక మామిడి జల్లు తప్ప ఏమీ ఉండదు. పాలారు సంగతి వేరే చెప్పనక్కర లేదు. పేరులో పాలు, పక్కలో ఇసుక. 2021 నవంబరులో ఒడ్డులు ఒరుసుకొని పారింది. అలా పారిన నది వేసవికి మళ్ళీ ఇసుకగానే కనపడుతుంది. గుడియాత్తం వారికి కౌండిన్య నది, పైన మోర్ధానా ఆనకట్ట ఉన్నవి; ఆ నదీ వేసవిలో నిండుగా ఉండేది కాదు.

అయిదుగురున్న సంసారం తీసికొనండి. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు రోజుకు రెండు బకెట్లు వస్తాయి. బకెట్టుకు పదిహేను లీటర్లు అనుకొంటే ముప్పై లీటర్లు. ఇది ఆదాయం. ఇప్పుడు వ్యయం. వేసవిలో ఆకుకూర మడికి చదరపు మీటరుకు రోజుకు అయిదారు లీటర్లు కావాలి. మూడు చదరపు మీటర్ల మడి, అంటే సుమారు ఆరడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు మడి వేస్తే పద్దెనిమిది లీటర్లు ఖర్చు. రెండు తీగలకు నాలుగేసి లీటర్లు, ఎనిమిది. కుండీలోని కరివేపాకుకు రెండు, తులసికి ఒకటి. మొత్తం ఇరవై తొమ్మిది. మిగులు ఒక్క లీటరు. ఇంకొక గులాబీ తెస్తామంటే ఆ నీళ్ళు ఎవరి వాటాలో నుండి తీస్తారో ముందు చెప్పండి.

స్నానం చేసిన నీళ్ళు ఇందులో కలపలేదు. అవి సబ్బు నీళ్ళు, ఆకుకూరలకు పోయవద్దు. అరటికి, కొబ్బరికి, మందారానికి పోయవచ్చును. అయినా ఒకే మొదట్లో ఎప్పుడూ పోయక అటూ ఇటూ మార్చుతుండాలి. కొన్నిచోట్ల బావినీళ్ళే ఉప్పగా ఉంటాయి. పాలారు వెంబడి తోళ్ళ కార్ఖానాల మురుగువల్ల నేలనీరు చెడిన కథ మీకు తెలిసినదే. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. ఆకుల అంచులు కాలినట్లు ఎండుతుంటే ఉప్పునీటిని అనుమానించండి. అటువంటి ఇళ్ళలో లేతమొక్కలకు కడుగునీళ్ళే మేలు.

తమిళనాట 2003లో ప్రతి కట్టడానికీ వాననీటి సేకరణ ఏర్పాటు ఉండి తీరాలని ప్రభుత్వం ఆజ్ఞ చేసింది. ఎన్ని ఇళ్ళలో ఆ గొట్టం నేటికీ తెరుచుకొని ఉన్నదో ఎవరికి వారు చూచుకోవాలి. యాభై చదరపు మీటర్ల మిద్దెమీద ఒక మిల్లీమీటరు వాన పడితే యాభై లీటర్లు. వెయ్యి మిల్లీమీటర్లకు యాభై వేల లీటర్లు. అందులో కొంత ఆవిరై, కొంత కారిపోయినా, మిగిలినది మన బావికే జమ. ఉగాది శుభ్రంలో మిద్దె ఊడ్చి, గొట్టంలో చిక్కిన ఆకు తీసివేయటం కూడా తోటపనే.

ఇప్పుడు కత్తిరింపు విషయానికి వస్తాను. నవంబరు, డిసెంబరు వానలకు పెరిగినదంతా ఉగాది నాటికి గుబురై కూర్చుంటుంది. మూలనున్న పొదలో చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి. కాళ్ళకు జోళ్ళు వేసికొనండి. పాములూ తేళ్ళూ మనకంటె ముందే చల్లని చోటు వెదుకుకొని ఉంటాయి. పిల్లలను ఆ దరికి రానీయకండి.

మొట్టమొదట తీయవలసినది వయ్యారిభామ. పేరు చూచి మోసపోకండి. తెల్లని చిన్న పువ్వులతో, చేమంతి ఆకువంటి ఆకుతో రైలు పట్టాల వెంట, ఖాళీ స్థలాలలో కనపడే ఈ మొక్క పరదేశపుది. 1955 ప్రాంతంలో పూనాలో మొదట కంటబడి, దేశమంతా వ్యాపించింది. దానిని తాకితే కొందరికి ఒళ్ళు దద్దురులు లేస్తుంది. పువ్వు పూయకముందే, చేతికి గుడ్డ చుట్టుకొని, వేరుతో పెరకాలి. పువ్వు ముదిరితే ఒక్కొక్క మొక్క వేలాది గింజలు రాల్చుతుంది.

రెండవది ఎండిన కొమ్మ. దీనికి ఆలోచన అక్కర లేదు, తీసివేయటమే. మూడవది బదనిక. మామిడిమీద, ఇతర చెట్లమీద వేరే రకం ఆకుతో ఒక గుత్తి మొలిచి ఉంటుంది. అది చెట్టు రసం త్రాగి బ్రతికేది. దాని ఆకు మాత్రం దూస్తే మళ్ళీ మొలుస్తుంది. అది అతుక్కొన్న చోటికి ఒక జానెడు క్రిందగా కొమ్మనే కోయాలి.

ఇవి మూడూ అయిన తరువాత ఏవి ముట్టవచ్చునో, ఏవి ముట్టరాదో తెలిసికొనాలి. గుబురుగా ఉన్నదంతా కత్తిరించవలసినది కాదు.

మల్లెను ముట్టవద్దు. మల్లెకు కత్తిరింపు నవంబరు చివర. అప్పుడు నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, పొదను మోకాలెత్తుకు కోసినవారికి ఇప్పుడు జడనిండా పూలు. అప్పుడు మరచినవారు ఇప్పుడు కోస్తే ఉన్న మొగ్గలూ పోతాయి. మామిడిని కూడా ముట్టవద్దు. అది పిందెతో ఉన్నది. కాయ దిగిన తరువాత, జూలై, ఆగస్టులలో దాని సంగతి చూడవచ్చును. మునగ కాయలమీద ఉన్నది. ఇంటికప్పుమీద వాలిన కొమ్మ ఒకటి తీసి, తక్కినది కాయలు అయ్యేదాకా విడిచిపెట్టండి. అటుపిమ్మట వానలు మొదలుకాగానే మూడడుగుల ఎత్తున కోస్తే, నాలుగైదు నెలలకు మళ్ళీ కాయలు. మునగకొమ్మ పెళుసు. ఎవరైనా మిమ్మల్ని మునగచెట్టు ఎక్కిస్తామంటే మాటకైనా, చేతకైనా ఒప్పుకోవద్దు.

కరివేపాకును నిర్భయంగా కోయండి. నిటారుగా సాగి అందకుండా పోయిన చెట్టును నడుమెత్తుకు కోస్తే, ప్రక్కలనుండి పది చిగుళ్ళు వస్తాయి. కోసిన ఆకు పదిళ్ళకు పంచండి. నీడన ఆరబెట్టి పొడి కొట్టండి. మందారం కూడా ఇప్పుడు మూడవ వంతు తగ్గించవచ్చును. కొత్త కొమ్మకే పువ్వు. తులసికి వెన్నులు గిల్లివేయండి. వెన్ను ముదిరితే ఆకు తగ్గుతుంది. వంగ మొక్కలు కాసి కాసి బక్కచిక్కి ఉంటే పీకవద్దు. జానెడు, జానెడున్నర ఎత్తున కోసి, మొదట్లో ఎరువు వేసి నీళ్ళిస్తే మళ్ళీ చిగిర్చి కాస్తాయి. చిక్కుడు కాలం అయిపోయింది. అది చలికాలపు తీగ, ప్రొద్దు పొడుగైతే పూయదు. ముదురు కాయలు విత్తనానికి దాచుకొని, తీగను నేలమట్టంగా కోసి, వేళ్ళు మట్టిలోనే ఉంచండి. ఆ వేళ్ళమీది బుడిపెలలో ఉన్నది నేలకు ఎరువే. పందిరి విప్పవద్దు. దాని పని ఇంకా ఉన్నది.

వేపచెట్టు సంగతి వేరే చెప్పాలి. మా వీధిలో ఒక ఇంటివారు ఆకులు రాలి వాకిలి పాడవుతున్నదని చైత్రంలో వేపను మోడు చేయించారు. పడమటి గోడకు అదొక్కటే నీడ. మే నెల వచ్చేసరికి ఆ గదిలో రాత్రి పదింటికి కూడా గోడ సెగలు చిమ్మింది. పిల్లలు వరండాలో పడుకొన్నారు. చెట్టు ఆకు ఊడ్చుటకు పావుగంట పడుతుంది. చెట్టు నీడ తిరిగి పెరుగుటకు పదేళ్ళు పడుతుంది. వేపకు ఇప్పుడు తీయదగినవి ఎండుకొమ్మలూ, గోడను రాచే కొమ్మలూ మాత్రమే. ఒక్కొక్కప్పుడు చిగుళ్ళు మాడి చెట్టంతా చచ్చినట్లు కనపడుతుంది. 2021లో తెలంగాణమంతటా వేపలకు అటువంటి తెగులు వచ్చి జనం కంగారుపడ్డారు. అందులో చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి. మాడిన పుల్లలు తీసి, నీరు పెట్టి, ఒక వానకాలం ఓపిక పట్టండి. అంతకు ముందు గొడ్డలి ఎత్తకండి. ఈ ఉదయం మనం తిన్న పచ్చడిలో పువ్వు ఎక్కడిదో ఒకసారి తలచుకొనండి.

పెద్దకొమ్మ కోసే పద్ధతి చెబుతాను. ఒకే కోతతో పైనుండి కోస్తే, సగం తెగగానే కొమ్మ తన బరువుకు విరిగి, మాను బెరడును నిలువునా చీల్చుకొని పోతుంది. అందుకని మూడు కోతలు. మొదటిది మానుకు ఒక అడుగు దూరంలో క్రిందనుండి, పావువంతు లోతు. రెండవది దానికి కొంచెం అవతలగా పైనుండి, కొమ్మ పడిపోతుంది. మూడవది మిగిలిన మొండెం తీయుటకు. కొమ్మ మానుతో కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక కట్టు కనపడుతుంది. ఆ కట్టును కోయక, దాని వెలుపలనే కోయాలి. ఆ కట్టే గాయాన్ని మూసేది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రజ్ఞుడు వేలకొద్ది మానులను నిలువునా కోసి చూచి, గాయానికి పూసిన రంగులూ తారూ చెట్టుకు మేలు చేయవనీ, సరియైన చోట కోస్తే చెట్టే ఆ గాయాన్ని వేరుచేసి పెట్టుకొంటుందనీ తేల్చారు. కోత అయినాక ఎండకు బయటపడిన మానుకు మాత్రం సున్నం పూయండి; తెల్లదనం వేడిని త్రిప్పికొడుతుంది. ఏ చెట్టుకైనా ఒక్క ఏట మూడవ వంతుకు మించి కోయవద్దు.

విద్యుత్తు తీగెను తాకుతున్న కొమ్మ జోలికి పోవద్దు. విద్యుత్ బోర్డు వారికి చెప్పండి. రైలు మార్గం ప్రక్కన ఉండేవారికి ఇంకొక మాట. పట్టాల పైనున్న తీగెలో 25,000 వోల్టులు ఉంటాయి. పచ్చికొమ్మ దానికి తగులనక్కర లేదు, దరికి పోతేనే ప్రాణం పోతుంది. ఆ ప్రక్క చెట్లు సిబ్బంది చేత కోయించవలసినవే.

కోసినదంతా ఏం చేయాలి? చాలా ఇళ్ళలో పోగుచేసి అగ్గి పెడతారు. అది బ్యాంకులో డబ్బు తీసి తగులబెట్టటమే. పుల్లలు ఒక ప్రక్కన పెట్టి, ఆకును మొక్కల మొదళ్ళలో నాలుగంగుళాల మందాన పరవండి. కాండానికి తగలకుండా జానెడు వదలండి. ఆ పరుపు క్రింద నేల చల్లగా ఉంటుంది, నీరు త్వరగా ఆవిరి కాదు. కొబ్బరిపీచు కూడా ఇందుకు పనికివస్తుంది. ఒక బకెట్టు నీళ్ళకు రెండు రోజులు నిలిచే మొక్క, ఆకు పరిస్తే మూడు రోజులు నిలవవచ్చును. వ్యయం తగ్గించిన రూపాయి కూడా ఆదాయమే కదా.

ఇక నాటే విషయం. ఉగాది నాడు వేయదగినవి నాలుగైదే ఉన్నవి. తోటకూర నాలుగు వారాలకు కోతకు వస్తుంది. కనుక ఈ వారంలో చల్లితే కర్తరి సెగ ముదరక ముందే ఒక కోత తినవచ్చును. గోంగూర ఎండకు జంకదు. ఇక్కడి అంగడిలో పులిచ్చకీరై అని అడిగితే దొరుకుతుంది. కాని పొద్దున్నే పెరట్లో గిల్లుకొన్న గోంగూరకు అది సాటి రాదు. బచ్చలి తీగ చిక్కుడు పందిరి ఎక్కించండి. ఎండ హెచ్చినకొద్దీ అది హెచ్చుతుంది, నీడా ఇస్తుంది. గోరుచిక్కుడు తక్కువ నీటితో బ్రతుకుతుంది. బెండగింజలు ఒక రాత్రి నానబెట్టి విత్తండి. బీర, సొర, పొట్ల పెట్టుటకు మంచి అదను సంక్రాంతి తరువాతిది. అది దాటినవారు ఆషాఢం కోసం ఆగటం మేలు. తప్పదనుకొంటే ఒక్క సొర పాదు పెట్టి, ప్రక్కన ఒక మట్టికుండ మెడదాకా పాతి, నీళ్ళు నింపి మూత వేయండి. కుండ గోడలనుండి నీరు నెమ్మదిగా ఊరి వేళ్ళకు చేరుతుంది. రంగు పూసిన కుండ దీనికి పనికిరాదు.

వంగనారు పోయదలచినవారు ముళ్ళవంకాయను మరువకండి. అణైకట్టు ప్రక్కన ఇలవంబాడి గ్రామంలో తరతరాలుగా పండించే ఈ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేలూరు ముళ్ళవంకాయ అని ఇప్పుడు దానికి చట్టబద్ధమైన పేరు. తొడిమెకు ముల్లు ఉన్నదని భయపడనక్కర లేదు. గుత్తి కూరకు లోపలి గుజ్జు వెన్నలాగుంటుంది. ఊరగాయలో గుంటూరు మిరపను తలచుకొనే మనం, కూరలో వేలూరు వంకాయను ఆదరించటం ధర్మం. దీని నారు ఆషాఢ వానలకు పోయండి.

పండ్లచెట్లు, పూలచెట్లు ఇప్పుడు నాటవద్దు. గుంటలు మాత్రం ఇప్పుడే త్రవ్వండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. కర్తరిలో త్రవ్వకూడదు గనుక దానికి ముందే ముగించండి. గుంట నెలరోజులు ఎండకు కాలితే మట్టిలోని పురుగూ గుడ్డూ చస్తాయి. పిల్లలు పడకుండా పైన పలక వేయండి. తొలకరికి ఎండుటాకూ పశువుల ఎరువూ పైమట్టీ కలిపి నింపి, రెండు వానలు పడినాక మొక్క నాటండి. తమిళ రైతులు ఆడిపట్టమని దేనిని అంటారో, మనకు అదే నాటే కాలం. దానిని తప్పినవారికి ఐప్పసి వానలు ఉన్నవి. కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి వచ్చినవారికి ఈ రెండవ వానకాలం కొత్త. ఇది ఈ ఊరు మనకు ఇచ్చే అదనపు ఆదాయం.

గుడియాత్తంలో మగ్గాల వీధులలో పెరడే ఉండదు, మేమేం చేయాలని ఒక అమ్మగారు అడిగారు. మిద్దె ఉంటే చాలు. కుండీ పెద్దదిగా, తక్కువగా ఉంచండి. చిన్నకుండీ మధ్యాహ్నానికి ఉడికిపోతుంది. కుండీలను ఒకదానికొకటి ఆనించి పెడితే ఒకదాని నీడ ఇంకొకదానికి. లుంగీలు నేసే ఊళ్ళో పాతగుడ్డకు కొరత లేదు. నాలుగు కర్రలకు ఒక పాతలుంగీ కట్టితే మే నెల గడిచిపోతుంది. వైశాఖంలో గంగమ్మ శిరసు తిరునాళ్ళకు, అంటే మే 15 ప్రాంతాన, మీ ఇంటికి బంధువులు వస్తారు. అప్పటికి మిద్దెమీద బచ్చలి పచ్చగా ఉంటే మీరు గెలిచినట్లే.

పురుగుమందుల గురించి రెండు ముక్కలు. మందారానికి తెల్లని పిండినల్లి పట్టగానే మందుల దుకాణానికి పరుగెత్తుతాము. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి అనే పరదేశపు పురుగు కనపడింది. బొప్పాయి, మల్బరీ, మందారం అన్నిటినీ పట్టి పీడించింది, మందులకు లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో దీవినుండి చీమకంటె చిన్నదైన ఒక కందిరీగ జాతిని తెప్పించి విడిచారు. అది పిండినల్లిలోనే గుడ్డు పెట్టి దాని వంశం తగ్గించింది. ఘాటైన మందు కొడితే ఇటువంటి మిత్రులు ముందు చస్తారు. మందారపు చివర్లు కోసి పారవేయండి, నీటిధారతో కడగండి, వేపనూనె కొంచెం సబ్బునీటిలో కలిపి సాయంత్రం చల్లండి. ఇంటి పెరటికి అది చాలు.

చివరకు ఒక ప్రశ్న. ఇల్లు అద్దెది, ఉద్యోగం బదిలీది. మనం నాటితే తినేది ఎవరో అని చాలామంది అంటారు. మా శాఖలో ఈ మాట రోజూ వినవచ్చును. మనలో కొందరి తాతముత్తాతలు ఇక్కడివారే. 1911 వరకు చిత్తూరు ఉత్తర ఆర్కాటులోనిదే కదా. కొందరు నిన్నమొన్న ఉద్యోగానికి వచ్చినవారు. ఇరువురికీ నేను చెప్పేది ఇదే. రైల్వే క్వార్టర్సులో మనం దిగిన నాడు కరివేపాకు చెట్టు ఉన్నదనుకొనండి. దానిని నాటినవారు ఎవరు? మనకు ముందున్న ఏ తమిళ గార్డో, మలయాళీ ఫిట్టరో. వారు బదిలీకి భయపడి నాటకపోతే మన పోపులో ఆకు లేదు. చెట్టు లెక్కలో జమ ఒకరి పేర, ఖర్చు ఇంకొకరి పేర పడుతుంది. అయినా మొత్తం సరిపోతుంది.

ఇంకొక లాభం ఉన్నది. మన పిల్లలు బడిలో తమిళమూ ఇంగ్లీషూ నేర్చుకొంటారు. తెలుగు ఇంట్లో మనం మాట్లాడినంతే. పొన్నగంటి, నందివర్ధనం, బదనిక, వెన్ను, పాదు అనే మాటలు వాచకంలో కంటె పెరట్లో త్వరగా వస్తాయి. పిల్లవాని చేత పాదు తీయించితే పాదు అనే మాట వాడికి జన్మలో మరపు రాదు. ప్రక్కింటి తమిళ అమ్మగారికి గోంగూర విత్తనం ఇచ్చి, ఆవిడ ఇచ్చే కనకాంబరం నారు తెచ్చుకొనండి. సంఘాలు చేయలేని సఖ్యం ఒక విత్తనపు పొట్లం చేస్తుంది.

పని పంచుకొనుటకు సులువుగా నాలుగు ఆదివారాలు చెబుతాను. మొదటి ఆదివారం మిద్దె గొట్టం, వయ్యారిభామ, ఎండుకొమ్మలు. రెండవ ఆదివారం కరివేపాకు, మందారం, వంగ కత్తిరింపు, ఆకు పరచటం. మూడవ ఆదివారం ఆకుకూర మడి, బచ్చలి, కుండ పాతటం. నాలుగవ ఆదివారం గుంటలు త్రవ్వటం, మానులకు సున్నం. కర్తరి ప్రవేశించినాక గునపం మూలన పెట్టి, ప్రొద్దున్నే నీళ్ళు పోసి, నీడన కూర్చుని మామిడిపండు తినండి. తోటమాలికి అది సెలవు.

ఈ ఏడాది మీ అందరి రాశులలో వ్యయం కంటె ఆదాయం హెచ్చుగా ఉండాలనీ, మీ పెరళ్ళలో మాత్రం రెండూ సరిసమానంగా ఉండి పచ్చగా ఉండాలనీ కోరుకొంటున్నాను.